చెన్నై తీరంలో లేని పగడాలు, రామేశ్వరంలో ఉన్న పగడాలు

భారతదేశపు పటం మీద పెద్ద పగడపు దిబ్బలున్న చోట్లను గుర్తించి చూస్తే ఒక విషయం వెంటనే తెలిసిపోతుంది. పడమటి సముద్రంలో లక్షద్వీప్, గుజరాత్‌లో కచ్ సింధుశాఖ, తూర్పున అండమాన్ నికోబార్ దీవులు, దక్షిణాన రామేశ్వరానికి అటూ ఇటూ మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం. ఇంతే. గంగ సముద్రంలో కలిసే చోటు నుంచి ఒడిశా, ఆంధ్ర తీరాల మీదుగా చెన్నై దాటి కావేరి డెల్టా వరకు సాగే అంత పొడవైన తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బ ఒక్కటీ లేదు. నేను పుట్టింది కోనసీమలో. చాలా ఏళ్లుగా ఉంటున్నది చెన్నైలో, తిరువాన్మియూరు సముద్రానికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో. ఈ రెండు ఊళ్లూ ఆ ఖాళీ తీరంలోనే ఉన్నాయి కాబట్టి పగడాలు ఎందుకు ఉన్నాయన్న దానికంటే ఎందుకు లేవన్న ప్రశ్నే నన్ను ముందు పట్టుకుంది. చదివేకొద్దీ నాలో స్థిరపడిన అభిప్రాయం ఇది: ఒక తీరంలో పగడం ఉంటుందా, ఉంటే ఏ ఆకారంలో ఉంటుంది, ఎంతకాలం ఉంటుంది అన్నవన్నీ ఆ తీరపు నీటి స్వభావాన్ని బట్టే తేలతాయి. మన తూర్పు తీరంలో ఆ స్వభావాన్ని తీర్చిదిద్దినవి నదులు.

వానాకాలంలో రాజమండ్రి దగ్గర గోదావరిని చూసినవారికి ఎర్రనీటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఒండ్రు పేరుకొనే కోనసీమ ఏర్పడింది, కృష్ణ తెచ్చిన ఒండ్రుతో దివిసీమ ఏర్పడింది. మనకు వరిచేలనూ కొబ్బరితోటలనూ ఇచ్చిన ఆ మట్టే పగడానికి గిట్టదు. నదుల మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి సముద్రంలో వెంటనే కలిసిపోకుండా పైపొరగా పరుచుకుంటుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి పెద్ద నదులన్నీ ఒకే సముద్రంలోకి చేరడం వల్ల బంగాళాఖాతపు పైనీరు, ముఖ్యంగా ఉత్తర భాగంలో, అరేబియా సముద్రపు నీటి కంటే స్పష్టంగా ఉప్పు తక్కువగా ఉంటుంది. దిబ్బలు కట్టే పగడాలకు కిలో నీటిలో సుమారు 32 నుంచి 40 గ్రాముల ఉప్పు ఉండాలి. వరద రోజుల్లో నదీముఖాల దగ్గర అది అంతకంటే చాలా కిందికి పడిపోతుంది.

ఈ ప్రభావం నదీముఖాల దగ్గరే ఆగిపోతే చెన్నైకి ఇబ్బంది ఉండేది కాదు. అయితే తూర్పు తీరం వెంబడి ఒక సముద్ర ప్రవాహం సాగుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు అది ఉత్తరానికి పారుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దిశ మార్చుకొని దక్షిణానికి పారుతుంది. అప్పటికి వానాకాలపు వరదలన్నీ బంగాళాఖాతంలో చేరి ఉంటాయి కాబట్టి, ఉప్పు తగ్గిన ఆ నీటిని ప్రవాహం ఆంధ్ర తీరం పొడవునా తమిళనాడు వైపు మోసుకొస్తుంది. సరిగ్గా ఆ నెలల్లోనే చెన్నైలో ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి, అడయారు, కూవం, కొసస్తలైయారు పొంగి తమ వంతు నీటినీ బురదనూ సముద్రంలోకి వదులుతాయి. ఏడాదికోసారి ఇలా పై నుంచీ పక్క నుంచీ మంచినీరు వచ్చిపడే చోట, వందల ఏళ్లపాటు కదలకుండా ఒకేచోట పెరగవలసిన జీవి నిలదొక్కుకోవడం కష్టం.

ఇసుక మరో ఇబ్బంది. పగడపు పిల్ల నీటిలో కొన్నాళ్లు తేలియాడి, గట్టి ఆధారం దొరికితేనే అతుక్కొని పెరుగుతుంది. చెన్నై తీరమేమో ఎప్పుడూ కదిలే ఇసుక. ఏడాది మొత్తం మీద అలలు ఆ ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెడుతూనే ఉంటాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర ఓడరేవు గోడలు కట్టాక ఆ ఇసుక దక్షిణం వైపు ఆగిపోయి మెరీనా అంత వెడల్పైంది, ఉత్తరాన రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. మన్నార్ సింధుశాఖలో అక్రోపోరా అనే కొమ్మల పగడపు జాతులు కొన్ని మార్చి, ఏప్రిల్ నెలల్లో పౌర్ణమికి దగ్గరగా అండాలూ శుక్రకణాలూ విడుదల చేస్తాయి. వాటి పిల్లలు ఒకవేళ ఇంత దూరం కొట్టుకొచ్చినా ఇక్కడ దిగడానికి వాటికి దొరికేది ఈ కదిలే నేలే.

ఇంత చెప్పినా చెన్నై సముద్రంలో సామూహికంగా బతికే జీవులు లేవని అనుకోకూడదు. రేవు గోడల మీద, కోతను ఆపడానికి వేసిన రాళ్ల మీద హైడ్రాయిడ్లు, బ్రయోజోవన్లు, గుంపులుగా పెరిగే అసిడియన్లు అనే చిన్న జంతువులు పొరలు పొరలుగా ఉంటాయి. కాస్త లోతున రాతినేల ఉన్న చోట పగడాల బంధువులైన సముద్రపు విసనకర్రలు పెరుగుతాయి, కాశిమేడు రేవులో వలలు విప్పుతున్నప్పుడు వాటి కొమ్మలు అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. విశాఖ రాతితీరంలో ఆటు సమయంలో బయటపడే గుంటల్లో జోవాంథిడ్లు అనే మెత్తని జీవులు తివాచీలా పరుచుకొని ఉంటాయి. వీటిలో చాలావాటికి సూర్యకాంతి తప్పనిసరి కాదు, నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవులను పట్టి తింటే సరిపోతుంది. సముద్రపు విసనకర్ర తన వెడల్పాటి వైపును ప్రవాహానికి అడ్డంగా ఉండేలా పెంచుకోవడం కూడా అందుకే. మసకనీటిలో మేత ఎక్కువ, వెలుతురు తక్కువ కాబట్టి వెలుతురు మీద బతికే జీవులకు బదులు మేత మీద బతికే జీవులు ఈ తీరాన్ని పంచుకున్నాయి.

ఆకారం సంగతికి రావాలంటే పగడం ఎలా పెరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. మనం పగడం అని చూసేది ఒక జంతువు కాదు, వేలాది చిన్న జంతువుల కూటమి. ఒక్కొక్క దాన్ని పాలిప్ అంటారు. మెత్తని గొట్టంలాంటి ఒళ్లు, పైన నోరు, నోటి చుట్టూ మీసాలు. సముద్రంలోని పువ్వులాంటి ఎనిమోన్లకూ జెల్లీచేపలకూ ఇది దగ్గర బంధువు. ఒక పిల్ల రాతి మీద అతుక్కున్నాక దాని ప్రక్కన మొగ్గలా ఇంకో పాలిప్ పుడుతుంది, దాని ప్రక్కన మరొకటి. అవి విడిపోవు. వాటి ఒళ్లను పలుచని పొర కలుపుతూ ఉంటుంది, ఒక పాలిప్ తిన్నది ఆ పొర ద్వారా మిగతావాటికీ అందుతుంది. ప్రతి పాలిప్ తన కింద కాల్షియం కార్బొనేట్ గట్టి పాత్రను పేర్చుకుంటూ పైకి జరుగుతుంది. పాలిప్ కణాల లోపల కంటికి కనబడని శైవలాలు, అంటే నాచు లాంటి సూక్ష్మజీవులు, కాపురం ఉంటాయి. అవి సూర్యకాంతితో తయారుచేసే చక్కెరలే పగడానికి ప్రధానమైన ఆహారం. పగటి వెలుతురులో గట్టి పదార్థం వేగంగా పేరుకోవడానికీ అవే ముఖ్య కారణం. పగడం లోతుకు పోకపోవడానికి, మసకనీటిలో కుంగిపోవడానికి మూలం ఈ కాపురంలోనే ఉంది.

కూటమిలో ఏ పాలిప్‌కూ మొత్తం ఆకారం ఎలా ఉండాలో తెలియదు. ఎక్కడ వెలుతురు బాగుంటే, ఎక్కడ నీరు బాగా ఆడుతుంటే అక్కడి పాలిప్‌లు ఎక్కువ మొగ్గలు వేస్తాయి, అలా మొత్తానికి ఒక రూపం వస్తుంది. అక్రోపోరా కొమ్మ చివరన ఉండే పాలిప్ తక్కినవాటి కంటే వేగంగా పెరుగుతుంది. దానిలో శైవలాలు తక్కువ కాబట్టి చివర తెల్లగా కనబడుతుంది, కింది పాలిప్‌లు పంపే ఆహారంతో అది ముందుకు సాగుతుంది. అందుకే కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్లయినా పెరగగలదు. పోరైటిస్ అనే గుండురాయి లాంటి పగడం ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అయితే ఆ సెంటీమీటరు గట్టిది. తుపాను అలకు కొమ్మ విరుగుతుంది, గుండు నిలుస్తుంది. విరిగిన కొమ్మకు కూడా దారి మూసుకుపోలేదు, గట్టి నేల మీద పడితే అతుక్కొని కొత్త కూటమిగా మొదలవగలదు. ఒకే జాతి వేర్వేరు చోట్ల వేర్వేరు ఆకారాలు తీసుకోవడం ఇంకా ఆశ్చర్యకరం. టర్బినేరియా అనే పగడం వెలుతురు దండిగా ఉన్న లోతుతక్కువ నీటిలో ముడుచుకున్న మడతలుగా పెరుగుతుంది, లోతుకు పోయేకొద్దీ విచ్చుకొని పళ్లెంలా పరుచుకుంటుంది. ఉన్న కాస్త వెలుతురునూ అందుకోవాలంటే అలా పరుచుకోవడమే మేలు.

ఈ నియమాలన్నీ ఒకేచోట చూడాలంటే చెన్నై నుంచి రాత్రి రైలెక్కి మండపం అనే ఊళ్లో దిగితే చాలు. భూమి అక్కడ సన్నగా సముద్రంలోకి చొచ్చుకుపోయి, పంబన్ దాటి రామేశ్వరం దీవిగా, ఆపైన రామసేతువు ఇసుకమేటలుగా సాగుతుంది. దానికి దక్షిణాన మన్నార్ సింధుశాఖ, ఉత్తరాన పాక్ అఖాతం. రెండు పడవప్రయాణాల దూరం కూడా లేని ఈ రెండు నీళ్లూ ఏడాదిలో వేర్వేరు కాలాల్లో కల్లోలపడతాయి. నైరుతి గాలులు వీచే నెలల్లో మన్నార్ వైపు సముద్రం లేస్తుంది, పాక్ అఖాతం ప్రశాంతంగా ఉంటుంది. ఈశాన్య గాలులు మొదలయ్యాక పాక్ అఖాతం అట్టడుగు బురదతో సహా కలగాపులగమవుతుంది, మన్నార్ వైపు నీరు తేటపడుతుంది. పాక్ అఖాతం మొత్తమే లోతు తక్కువ కాబట్టి అలలు నేలను సులభంగా కెలుకుతాయి. దాని దిబ్బలో పోరైటిస్, ఫేవైటిస్ వంటి గుండ్రని, బరువైన రకాలదే పెద్ద వాటా. మన్నార్ సింధుశాఖలో తూత్తుకుడి నుంచి రామేశ్వరం వరకు వరుసగా ఉన్న 21 దీవుల చుట్టూ వాటితోపాటు అక్రోపోరా, మాంటిపోరా, పోసిల్లోపోరా వంటి కొమ్మల రకాలూ పళ్లెపు రకాలూ విస్తారంగా పెరిగాయి. ఇక్కడ పెద్ద నదీముఖం లేదు. ఉత్తరాది నదుల నీటిలో ఎక్కువ భాగం ఇంత దూరం చేరకముందే కలిసిపోతుంది, రామసేతువు మేటలూ శ్రీలంకా అడ్డుగా నిలుస్తాయి. కోనసీమకు దొరకని తేటనీరు ఈ దీవులకు దొరికింది.

ఈ నీటితో మద్రాసుకు పాత పరిచయమే ఉంది. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి 1885 నుంచి సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ రామేశ్వరం సముద్రజీవులను సేకరించి రాశాడు. 1927లో అదే మ్యూజియం బులెటిన్‌లో పంబన్ దగ్గరి కురుసడై దీవి జీవజాలం మీద ప్రత్యేక అధ్యయనం వెలువడింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కొచ్చికి మారేవరకు మండపం నుంచే పనిచేసింది. దేశంలో పగడాల అధ్యయనానికి పునాది వేసిన పని చాలావరకు ఈ చుట్టుపక్కల నీటిలోనే జరిగింది. రామేశ్వరం దీవి మీద ఇప్పటి సముద్రమట్టానికి పైన నిలిచిన చచ్చిన పగడపు దిబ్బ కూడా ఉంది, దాని వయస్సు దాదాపు 4,000 ఏళ్లు. అప్పుడు సముద్రం ఇప్పటి కంటే కాస్త ఎత్తున ఉండేదనడానికి అది సాక్ష్యం.

కచ్ సింధుశాఖలో పరిస్థితి పూర్తిగా వేరు. అక్కడ ఆటుపోట్ల తేడా మీటర్ల కొద్దీ ఉంటుంది. ఆటు సమయంలో నారారా దగ్గర మనుషులు దిబ్బ మీద నడిచి వెళ్లగలరు, అంటే ఆ పగడాలు కొన్ని గంటలపాటు ఎండలో బయటపడి ఉంటాయి. చలికాలంలో నీరు 20 డిగ్రీల కంటే కిందికి చల్లబడుతుంది, నీరంతా బురద. ఇన్నిటినీ తట్టుకొని మిగిలినవి గుండురకాలు, నేలకు అంటుకొని పరుచుకునే రకాలు. కొమ్మల అక్రోపోరా దాదాపు లేదు, దాని పాత చచ్చిన ముక్కలు మాత్రం దొరుకుతాయి. దేశంలో మొదటి సముద్ర జాతీయ పార్కు 1982లో ఏర్పడింది ఈ కఠినమైన చోటే. మన్నార్ దీవులకు ఆ హోదా 1986లో వచ్చింది.

ఇప్పుడు వీటన్నిటినీ మించిన కారణం వేడి. ఒక చోట మామూలుగా వేసవిలో నీరు ఎంత వెచ్చబడుతుందో దానికంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిస్తే చాలు, పాలిప్ లోపలి శైవలాల పని తారుమారై విషపదార్థాలు పుడతాయి, పాలిప్ వాటిని బయటికి తోసేస్తుంది. పారదర్శకమైన ఒంటి వెనక తెల్లని ఎముకలాంటి గూడు కనబడుతుంది. పగడం తెల్లబడటమంటే ఇదే. అది చావు కాదు, ఆకలి. నీరు త్వరగా చల్లబడితే శైవలాలు తిరిగి చేరతాయి, లేకపోతే పగడం చస్తుంది. 1998, 2010, 2016 సంవత్సరాల్లో మన దిబ్బలు తీవ్రంగా తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇది జరుగుతోందని ప్రకటించారు. మన్నార్‌లో వేసవి చివర నైరుతి గాలి ఎప్పుడు మొదలవుతుందన్నది అందుకే ఇంత ముఖ్యం. గాలి లేచి నీరు కలిసి చల్లబడితే తెల్లబడినవి కోలుకుంటాయి, గాలి ఆలస్యమైతే నష్టం పెరుగుతుంది. వేడికి ముందు కూలేవి అక్రోపోరా, పోసిల్లోపోరా, మాంటిపోరా. పోరైటిస్, ఫేవైటిస్ ఎక్కువ నిలదొక్కుకుంటాయి. అంటే పగడాల సంఖ్య తగ్గడంతోపాటు దిబ్బ ఆకారమే మారిపోతోంది, కొమ్మల మధ్య దాక్కొనే చేపపిల్లలకు చోటు తగ్గిపోతోంది.

ఇక్కడే మట్టి సంగతి నాకు కొత్తగా అర్థమైంది. తెల్లబడటానికి వేడితోపాటు తీక్షణమైన వెలుతురు కూడా కావాలి. మసకనీరు ఆ వెలుతురును అడ్డుకొని గొడుగులా కాపాడిన సందర్భాలు ప్రపంచంలో పలుచోట్ల కనిపించాయి. ఏళ్లుగా బురదనీటికి అలవాటుపడిన దిబ్బలు కొన్ని వేడి సంవత్సరాల్లో తేటనీటి దిబ్బల కంటే తక్కువ దెబ్బతిన్నాయి. మితం దాటితే ఊపిరి సలపనివ్వని మట్టే మితంలో రక్షణ కావచ్చు. అల విషయమూ ఇంతే. లక్షద్వీప్‌లో 1998 తర్వాత జరిగిన పరిశీలనల్లో, వానాకాలపు అలలు నేరుగా తాకే పడమటి దిబ్బలే చాటున ఉన్న తూర్పు దిబ్బల కంటే త్వరగా కోలుకున్నాయి. అలలు చచ్చిన బలహీనమైన కొమ్మలను ఊడ్చేయడంతో పిల్లలు అతుక్కోవడానికి గట్టినేల మిగిలింది, చాటున మాత్రం చచ్చిన కొమ్మల మీద దిగిన పిల్లలు ఆ కొమ్మలు కూలినప్పుడు వాటితోపాటే పోయాయి. అందువల్ల ఫలానా పరిస్థితి పగడానికి మంచిది, ఫలానాది చెడ్డది అని ఒక్క మాటలో తేల్చేసే రాతలను నేను నమ్మను. ఎంత, ఎంతకాలం, ఏ ఆకారపు పగడానికి అని అడగాలి.

మా కింది వాటాలో ఉండే నెల్లూరు పెద్దావిడ ఒకరోజు చేతిలో తెల్లని కొమ్మరాయితో వచ్చి, "అమ్మాయ్, మావాళ్లు రామేశ్వరం నుంచి తెచ్చారు, పూజగదిలో పెట్టుకోవచ్చా?" అని అడిగారు. "పిన్నిగారూ, అది రాయి కాదండీ, ఎన్నో ప్రాణులు కట్టుకున్న ఇల్లు. 2001 నుంచి దాన్ని తీయడం, అమ్మడం నేరం కూడా," అని చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. ఎవరు కట్టారు, ఎన్నాళ్లు పట్టింది అని అడిగి తెలుసుకున్నారు. తర్వాత తన మనవరాలికి ఆవిడే వివరించి చెప్పడం విని నాకు చాలా సంతోషం కలిగింది. ఆ కొమ్మ వెనక పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు తూత్తుకుడి వైపు పగడాలను పడవల కొద్దీ తవ్వి సున్నానికీ కట్టడాలకూ వాడారు. దిబ్బ పోవడంతో అలలకు అడ్డు పోయి విలంగుచల్లి, పూవరసన్‌పట్టి అనే రెండు దీవులు నీటమునిగాయి. పరిసరాలు పగడాన్ని ఎంతగా మలుస్తాయో పగడం కూడా తన పరిసరాలను అంతగా మలుస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన రుజువు నాకు కనబడలేదు. కురుసడై దగ్గర మరో రకం నష్టం జరిగింది. ఆదాయం కోసం పాక్ అఖాతంలో సాగు మొదలుపెట్టిన విదేశీ జాతి సముద్రపు నాచు కప్పాఫైకస్ అక్కడికి పాకి, 2008 నాటికి కొమ్మల అక్రోపోరా మీద దుప్పటిలా కమ్ముకొని వెలుతురు అందకుండా చేసింది.

తూత్తుకుడి దగ్గరి వాన్ దీవి కోసుకుపోతుంటే దాని ముందు సముద్రంలో కాంక్రీటు దిమ్మెలను దించారు. అవి అలను నెమ్మదింపజేస్తున్నాయి, వాటి మీద పగడపు పిల్లలూ దిగుతున్నాయి. తూత్తుకుడి శాస్త్రవేత్తలు 2002 నుంచి పగడపు ముక్కలను కాంక్రీటు చట్రాలకు కట్టి దెబ్బతిన్న చోట్ల నాటుతున్నారు. ఆ పనిలో ముందుగా చూడవలసినవి ఆ చోట నీటి లోతు, అడుగున పేరుకొనే మట్టి, వేసవి వేడి, గాలి వచ్చే దిక్కు. కొమ్మల రకమా, గుండు రకమా అన్న ఎంపిక ఆ తర్వాతే.